మూడున్నర అంగుళాల డ్రైవ్ నాలుగంగుళాలు ఎందుకుంది?

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోంచి 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ తీసి స్కేలు పెట్టండి. వెడల్పు 4 అంగుళాలు వస్తుంది. 2.5 అంగుళాల ల్యాప్‌టాప్ డ్రైవ్ 2.75 ఉంటుంది. 5.25 అంగుళాల బేలో, అంటే డ్రైవ్ బిగించే అరలో, కూర్చునే డ్రైవ్ 5.75. ఒక్క పేరూ స్కేలుతో కలవదు. మరి ఆ అంకెలు దేనివి?

మొదటి ఆధారం 1976లో దొరుకుతుంది. అమెరికాలో షుగార్ట్ అసోసియేట్స్ ఎస్‌ఏ400 ఫ్లాపీ డ్రైవ్ తెచ్చింది. 5.25 అంగుళాలన్నది అందులో పెట్టే ఫ్లాపీ కొలత. దాన్ని పట్టుకుని తిప్పే పెట్టె వెడల్పు 5.75, పొడవు 8 అంగుళాలు. అంటే పేరు లోపలి సరుకుది, స్కేలు చూపేది పైపెట్టెను.

రెండో ఆధారం 1980 నాటి సీగేట్ ఎస్‌టీ-506. అది 5 మెగాబైట్ల హార్డ్ డిస్క్, ఫ్లాపీతో పనే లేదు. కానీ కంప్యూటర్లలో ఫ్లాపీ డ్రైవ్ అరలు అప్పటికే ఉన్నాయి. వాటిలో ఇమడడానికి అదే పెట్టె కొలత తీసుకుంది, పేరూ దాంతోపాటే వచ్చింది. 1983లో స్కాట్లండ్ కంపెనీ రోడైమ్ తెచ్చిన 3.5 అంగుళాల డిస్క్‌దీ ఇదే దారి. ఆ తరగతి డ్రైవుల్లో మామూలుగా లోపల తిరిగే పళ్లెం 95 మిల్లీమీటర్లు, అంటే 3.74 అంగుళాలు. పేరుకన్నా పళ్లెమే పెద్దది! కాబట్టి పేరు పళ్లేనిది కానే కాదు.

1988లో ప్రెయిరీటెక్ 2.5 అంగుళాల తరగతిని మొదలుపెట్టింది. అసలు తాళంచెవి ఇక్కడుంది. మూడు తరగతుల పెట్టెల కొలతలు మిల్లీమీటర్లలో చూడండి: 146 × 203, 102 × 146, 70 × 100. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే ఏ5 వచ్చినట్టు, ఒకదాని వెడల్పు తర్వాతిదానికి దాదాపు పొడవవుతోంది. 3.5 డ్రైవ్ పట్టే చోట 2.5 డ్రైవులు రెండు అడ్డంగా పడతాయి.

చిన్న డ్రైవ్‌ను పెద్ద బేలో బిగించే లెక్క కూడా ఇందులోనే ఉంది. 5.25 బేలో 3.5 డ్రైవ్ పెడితే అటూ ఇటూ సుమారు 22 మిల్లీమీటర్లు, 3.5 బేలో 2.5 డ్రైవ్ పెడితే 16 మిల్లీమీటర్లు ఖాళీ. ఆ ఖాళీని పూడ్చేదే బ్రాకెట్. స్క్రూల దగ్గర మాత్రం జాగ్రత్త. 3.5 హార్డ్ డిస్క్‌కి అంగుళాల లెక్కలో చేసిన 6-32 మర, 2.5 డ్రైవ్‌కి మెట్రిక్ ఎం3. లావు స్క్రూను సన్న రంధ్రంలోకి బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమే లేదు, అయినా చాలావాటిని 2.5 అంగుళాల డ్రైవ్‌గానే అమ్ముతారు. పేరు అర్థం పోయినా పెట్టె కొలత నిలబడింది. అందుకే సాటా అనే డ్రైవ్ కనెక్టర్ ఉన్న పాత కంప్యూటర్‌లో నేటి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీని ఒక చౌక బ్రాకెట్‌తో కూర్చోబెట్టగలుగుతున్నాం. కొత్త యంత్రం కొనే ముందు ఆ పని చేసి చూడండి.