డయాలసిస్ తర్వాత చూపు మసకబారితే నీరసమని ఊరుకోవద్దు

ఆదోని, ఎమ్మిగనూరు: కిడ్నీలు పాడైనవారికి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటల పాటు డయాలసిస్ చేస్తారు. ఇంటికొచ్చాక నీరసంగా ఉండటం మామూలే. కానీ ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారితే అది నీరసం కాదు. నొప్పి లేదు కదా అని ఆగితే రెండో కంటికీ ముప్పు రావచ్చు.

చూపు ఎందుకు పోతుంది?

డయాలసిస్ మిషన్ రక్తాన్ని శుభ్రం చేయడంతో పాటు ఒంట్లో చేరిన నీటినీ తీసేస్తుంది. మధ్య రోజుల్లో నీళ్లు ఎక్కువ తాగి బరువు పెరిగితే ఆ 4 గంటల్లోనే ఎక్కువ నీరు తీయాలి. అప్పుడు బీపీ పడిపోయి, కంటి నరానికి రక్తం అందక చూపు దెబ్బతింటుంది. దీన్నే ఇస్కీమిక్ ఆప్టిక్ న్యూరోపతి అంటారు. కొందరికి మరుసటి రోజు నిద్ర లేచాకే తెలుస్తుంది. ఇది అరుదే, కానీ పోయిన చూపు చాలామందికి పూర్తిగా తిరిగి రాదు. రక్తహీనత ఉంటే ముప్పు ఎక్కువ.

బీపీ బాగా పెరిగినా తలనొప్పి, ఫిట్స్‌తో రెండు కళ్లూ కనిపించకుండా పోవచ్చు. వెంటనే వైద్యం అందితే ఈ చూపు చాలావరకు తిరిగి వస్తుంది.

షుగర్ ఉంటే

కిడ్నీని పాడు చేసిన షుగరే కంటి రెటీనానూ పాడు చేస్తుంది. లోపల రక్తం కారితే కళ్ల ముందు నల్లటి చుక్కలు తేలుతాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కు భయపడి డయాలసిస్ మానకూడదు, ప్రాణానికే ప్రమాదం. కంటి సమస్య ముందే చెబితే డాక్టర్ మోతాదు చూసుకుంటారు.

ఇంట్లో పాటించాల్సినవి

* నీళ్లు, చాయ్, షేర్వా అన్నీ కలిపి డాక్టర్ చెప్పిన లెక్క దాటకూడదు. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి.
* డయాలసిస్ రోజు బీపీ మాత్ర ఎప్పుడు వేయాలో డాక్టర్‌నే అడగాలి.
* మిషన్ మీద ఉండగా కళ్లు తిరిగినా, కాళ్లు పట్టేసినా, చూపు మసకబారినా వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.
* షుగర్ ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా కంటిలో చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించాలి.
* రంజాన్‌లో డాక్టర్‌ను అడగకుండా రోజా పెట్టకూడదు. రోగులకు దీన్‌లోనే మినహాయింపు ఉంది. ఇఫ్తార్‌లో షర్బత్, ఖర్జూరాలతోనూ జాగ్రత్త.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గరి ఆసుపత్రిలో బీపీ, షుగర్ చూపించాలి. కర్నూలులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఆదోని నుంచి దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణం, ఎమ్మిగనూరు నుంచి కొంత తక్కువ. అందుకే తర్వాతి డయాలసిస్ వరకు ఆగకుండా, బీపీ లెక్కలున్న డయాలసిస్ కాగితాలు తీసుకుని అదే రోజు బయల్దేరాలి. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా 108కు ఫోన్ చేయాలి.