బట్టీ పట్టిన లిలో, చదవడం నేర్చిన గ్రబ్

ఇంజనీరింగ్ నాలుగో ఏడాది, ప్రాజెక్టు డెమోకి ముందు రోజు రాత్రి. సికింద్రాబాద్ సీటీసీలో ఒక్కో పార్టూ బేరమాడి కొని బిగించుకున్న నా డెస్క్‌టాప్‌లో, గేమ్ ఆడుకోవడానికని మా రూమ్మేట్ ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు (ఏదో మీరు ఊహించగలరు, పేరెందుకు). రీస్టార్ట్ చేస్తే గ్రబ్ మెనూ మాయం! లైవ్ యూఎస్‌బీ పెట్టి చూస్తే ఫైళ్ళన్నీ పదిలం, పోయింది బూట్‌లోడర్ ఒక్కటే. కానీ పొద్దున్నే డెమో ఆ మెషీన్ మీదే నడవాలి.

లినక్స్ పార్టిషన్ మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ బైండ్ చేసి, సీహెచ్‌రూట్‌తో లోపలికెళ్ళి గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టా. నిద్రమత్తులో ఎస్‌డీఏ దగ్గర ఆపకుండా పక్కన 5 కూడా కొట్టేశా. అంటే డిస్కుకి బదులు పార్టిషన్ ఇచ్చానన్నమాట. గ్రబ్ మొండికేసింది. ఇక్కడ నేను ఇమడను, బ్లాక్‌లిస్టులతో అయితే కుదురుతుంది గానీ అవి నమ్మదగ్గవి కావు అంది. ఆ 5 తీసేసి మళ్ళీ కొడితే క్షణంలో పనైపోయింది, డెమో కూడా గట్టెక్కింది. కానీ బ్లాక్‌లిస్టు మీద గ్రబ్‌కి అంత పగ దేనికి? తవ్వుకుంటూ పోతే 1981 దాకా వెళ్ళాల్సొచ్చింది.

ఆ ఏడు వచ్చిన ఐబీఎం పీసీలో బయోస్‌కి తెలిసిన విద్య ఒక్కటే. డిస్కు మొదటి సెక్టారు, అంటే 512 బైట్లు, తెచ్చి మెమరీలో 31744వ స్థానంలో పెట్టి అక్కడికి గెంతడం. 1983లో 10 ఎంబీ హార్డ్ డిస్కుతో ఎక్స్‌టీ, దాంతోపాటు పీసీ డాస్ 2.0 వచ్చాయి. పార్టిషన్ టేబుల్‌కి 64 బైట్లు, చివర ముద్రకి 2 పోగా కోడ్‌కి మిగిలింది 446. ఇది ఎంతో తెలియాలంటే, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు పడతాయి. గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కేస్తే 148 గుర్తులు. ఈ పేరా సగం కూడా పట్టదు!

అందులో ఫైల్‌సిస్టమ్ చదివే కోడ్ ఎక్కడ ఇరికిస్తారు? వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ 1992లో రాసిన లిలో అసలు చదవడమే మానేసింది. కెర్నెల్ డిస్కు మీద ఏయే బ్లాకుల్లో ఉందో ముందే జాబితా రాసి పెట్టుకుని, బూట్ అప్పుడు ఆ నంబర్లు వరసగా అప్పజెప్పేది. అచ్చం మన ఎంసెట్ కోచింగ్ పద్ధతి :-) కెర్నెల్ అప్‌డేట్ చేసి లిలో మళ్ళీ రన్ చేయడం మర్చిపోతే, లెక్కలో ఒక్క అంకె మార్చినప్పుడు మన పరిస్థితే దానిదీ. ఒక్కో మెట్టు ఎక్కుతూ తన పేరులోని ఒక్కో అక్షరం స్క్రీన్ మీద చూపించేది. సగం పేరు దగ్గర ఆగిందంటే ఏ మెట్టు మీద కాలు జారిందో అదే తెలిసేది. బ్లాక్‌లిస్టు అంటే ఈ బట్టీయే.

1995లో ఎరిక్ బోలిన్‌ది వేరే సమస్య. గ్నూ హర్డ్‌ని మాక్ 4 మైక్రోకెర్నెల్‌తో బూట్ చెయ్యాలి. ఫ్రీబీఎస్‌డీ బూట్‌లోడర్‌ని మారుద్దామని చూసి, దానికంటే కొత్తది రాసుకోవడమే సులువని గ్రబ్ మొదలెట్టాడు. హర్డ్ ఇప్పటికీ జనంలోకి రాలేదు, దాని కోసం పుట్టిన గ్రబ్ మాత్రం లోకమంతా తిరిగింది. 2001లో రెడ్‌హ్యాట్ లినక్స్ 7.2 దాన్నే డిఫాల్ట్ చేసింది. గ్రబ్‌కి ఫైల్‌సిస్టమ్ చదవడం వచ్చు, ఫైలు పేరు చెబితే చాలు.

మరి ఆ కోడ్ 446 బైట్లలో పట్టిందా? పట్టలేదు. మొదటి సెక్టారుకీ మొదటి పార్టిషన్‌కీ మధ్య పాత డిస్కుల్లో 62 సెక్టార్లు, అంటే 31 కేబీ, ఖాళీగా ఉండేది. ఎవరి పేరనా లేని పోరంబోకు. గ్రబ్ అక్కడ ఇల్లు కట్టుకుంది. నేను 5 కొట్టి పార్టిషన్‌లోకి పొమ్మన్నప్పుడు అది అలిగింది ఈ పోరంబోకు దొరకకే. పోరంబోకన్నాక కబ్జాలు మామూలే కదా, కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సు కాపలా ప్రోగ్రాములు కూడా అక్కడే రాసుకునేవి. వాటి దెబ్బకి ఒకటి రెండు సెక్టార్లు పోయినా బతకడానికి గ్రబ్ 2 వాళ్ళు రీడ్-సాలమన్ కోడ్‌లు కలపాల్సి వచ్చింది. సీడీ మీద గీతలు పడితే వాడే మందు, పొరుగువాడి కబ్జాకి వాడారు!

యూఈఎఫ్ఐ వచ్చాక చదవడం ఫర్మ్‌వేర్‌కే వచ్చేసింది. ఫ్యాట్ పార్టిషన్‌లో గ్రబ్ మామూలు ఫైలు. లిలో అభివృద్ధి 2015 డిసెంబరుతో ఆగిపోయింది.

ఇక్కడితో గ్రబ్ గెలిచిందనుకున్నా. కానీ 2020 జులైలో బూట్‌హోల్ బయటపడింది. గ్రబ్ తన కాన్ఫిగ్ ఫైలు చదివేటప్పుడు, మరీ పొడుగాటి మాట తగిలితే బఫర్ పొంగి, దాడి చేసేవాడి కోడ్ నడిచేది. సెక్యూర్ బూట్ సంతకాలన్నీ సక్రమంగా ఉండగానే! గ్రబ్‌కి సంతకం ఉంది, అది చదివే ఫైలుకి లేదు. బట్టీ పట్టేవాడికి రాని జబ్బు ఇది. దాన్ని సరిచేసే హడావుడిలో వచ్చిన అప్‌డేట్లతో కొన్ని రెడ్‌హ్యాట్, సెంటాస్ సర్వర్లు అసలు బూటే అవ్వలేదు. ఎక్కడెక్కడో ఎవరో ఒకరు అర్ధరాత్రి రెస్క్యూ డిస్కు పెట్టి, సీహెచ్‌రూట్ కొట్టి కూర్చునే ఉంటారు.

మొన్న ఆ డెస్క్‌టాప్‌కి కొత్త మదర్‌బోర్డు వేశా. బయోస్ రోజుల ఇన్‌స్టాలేషన్ కాబట్టి బూట్ అవ్వలేదు. ఫ్యాట్ పార్టిషన్ ఒకటి చేసి గ్రబ్-ఇన్‌స్టాల్ కొడితే ఈసారి డిస్కు పేరే అడగలేదు. రూమ్మేట్‌కి ఫోన్ చేసి చెప్పా. "ఆ గేమ్ ఇంకా ఉందేంట్రా అందులో?" అన్నాడు.