పొరుగింటి తప్పుకు బహుమానం: హిస్బా చరిత్ర ఏమంటుంది?

కొంతకాలం క్రితం ఒక బస్తీలో పెద్దలు సమావేశమయ్యారు. మురుగుకాలువలో చెత్త పోసేవారు, అర్ధరాత్రి దాకా మైకులు మోగించేవారు, అరుగుల మీద చేరి పేకాట ఆడేవారు ఎక్కువయ్యారని, ఎంత చెప్పినా ఫలితం లేదని వారి బాధ. ఆ బాధలో అబద్ధం లేదు. అప్పుడు ఒక పెద్దమనిషి ఒక ఉపాయం చెప్పాడు. తప్పు చేసినవారి నుండి జుర్మానా వసూలు చేద్దాం. ఎవరు చేశారో తెలిపిన ఇరుగుపొరుగువారికి అందులో సగం ఇద్దాం. వారి పేరు మాత్రం బయటపెట్టవద్దు. సభలో చాలామందికి ఇది నచ్చింది. మంచిని ఆదేశించడం, చెడును వారించడం మన విధి గనుక దీనికి షరీఅత్‌లో ఆధారం చూపించమని ఈ వ్యాసకర్తను కోరారు. ఆధారం కోసం గ్రంథాలు తిరగేస్తే దొరికింది వేరు. దానినే పాఠకుల ముందుంచుతున్నాను.

హిస్బా వ్యవస్థ

మంచిని ఆదేశించడం (అమ్ర్ బిల్ మారూఫ్), చెడును వారించడం (నహీ అనిల్ మున్కర్) అనేవి ముస్లిం సమాజం మొత్తం మీద ఉన్న బాధ్యతలు. ఈ బాధ్యత ఒక ప్రభుత్వ శాఖగా రూపుదిద్దుకున్నప్పుడు దానికి ‘హిస్బా’ అనీ, దానిని నిర్వహించే అధికారికి ‘ముహ్తసిబ్’ అనీ పేరు వచ్చింది. ముహ్తసిబ్ పని ప్రధానంగా బజారులో ఉండేది. తూనికలు కొలతలు పరీక్షించడం, సరుకులో కల్తీ పట్టుకోవడం, దారికి అడ్డంగా కట్టిన అరుగులు తీయించడం, పశువుల మీద మోయలేని బరువు వేయకుండా చూడడం అతని విధులు. ఇవన్నీ పదిమంది కళ్ళకు కనిపించే విషయాలు. అతని అధికారం బజారులో ఎంత విశాలమో, ఇంటి గుమ్మం దగ్గర అంత పరిమితం. ఈ పరిమితి ఎక్కడినుండి వచ్చిందో చూద్దాం.

నిషేధం

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 12వ ఆయత్ మూడు విషయాలను ఒకే వరుసలో నిషేధించింది: దురనుమానం, తజస్సుస్, గీబత్ (చాటున నిందించడం). ఈ వరుస ఆలోచించదగినది. మొదట మనసులో అనుమానం పుడుతుంది, అది కూపీ లాగడానికి దారి తీస్తుంది, తెలిసినదాన్ని పదిమందికి చెప్పడంతో ముగుస్తుంది.

‘తజస్సుస్’ అనే మాటను మన అనువాదకులం తరచు ‘గూఢచర్యం’ అని తెలుగు చేస్తాం. ఆ మాట వినగానే శత్రురాజుల వేగులు గుర్తుకు వస్తారు గాని, మన గోడ పక్కన మనం పెట్టే చెవి గుర్తుకు రాదు. అరబీలో ‘జస్స’ అంటే చేతితో తడిమి చూడడం. కనిపించనిదాన్ని తడిమి తెలుసుకోవడానికి చేసే ప్రయత్నమే తజస్సుస్. ఆరా తీయడం, కూపీ లాగడం, పొంచి వినడం అనే మన వాడుక మాటలే ఆ అర్థానికి దగ్గరగా ఉంటాయి.

ఇమామ్ అబూ దావూద్ (హి.శ. 275) తన సునన్‌లో ఈ విషయమై పొందుపరచిన ఉల్లేఖనాలు మన సమస్యను సూటిగా తాకుతాయి. ప్రజల లోపాల వెంటపడితే వారిని చెడగొట్టినవారవుతారని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించినట్లు హజ్రత్ ముఆవియా (రజి) ఉల్లేఖించారు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) వద్దకు ఒకతన్ని తెచ్చి, ఇతని గడ్డం నుండి మద్యం కారుతోందని చెప్పారు. కూపీ తీయడం తమకు నిషేధించబడిందని, ఏదైనా బాహాటంగా బయటపడితే మాత్రం చర్య తీసుకుంటామని ఆయన సమాధానమిచ్చారు.

మరొక ఉల్లేఖనం పొరుగువారి గురించే. హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) వద్ద దుఖైన్ అనే లేఖకుడు ఉండేవాడు. తన పొరుగువారు మద్యం తాగుతున్నారని, తాను వారించినా మానలేదని, ఇక పోలీసులను (షుర్తా) పిలుస్తానని అతడు విన్నవించుకున్నాడు. వారిని వదిలెయ్యమన్నారు ఉఖ్బా. అతడు మళ్ళీ వచ్చి అదే మాట చెబితే మందలించి, తోటివాని లోపాన్ని కప్పినవాడు సజీవంగా పాతిపెట్టబడిన ఆడశిశువుకు ప్రాణం పోసినవానితో సమానమన్న ప్రవక్త బోధను వినిపించారు. ఈ ఉల్లేఖన పరంపరను కొందరు హదీసువేత్తలు బలహీనమైనదిగా పేర్కొన్నారు. అయినా తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చేవాని లోపాన్ని అల్లాహ్ ప్రళయదినాన కప్పుతాడన్న భావం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోనూ ఉంది గనుక మూల సూత్రంలో సందేహం లేదు.

గోడ దూకిన ఖలీఫా

హజ్రత్ ఉమర్ (రజి) మదీనాలో రాత్రిపూట తిరుగుతూ ఒక ఇంట్లోంచి పాట వినవచ్చి గోడెక్కి లోపలికి దిగారన్న వృత్తాంతాన్ని ఇమామ్ గజాలీ (హి.శ. 505, క్రీ.శ. 1111) తన ‘ఇహ్యా’లో పేర్కొన్నారు. లోపల ఒక పురుషుడు, ఒక స్త్రీ, మద్యం కనిపించాయి. ఖలీఫా గద్దించగా ఆ మనిషి తాను ఒక తప్పు చేస్తే ఖలీఫా మూడు తప్పులు చేశారన్నాడు: కూపీ తీశారు, తలుపు విడిచి గోడ మీదుగా వచ్చారు, అనుమతి కోరక, సలాం చెప్పక ప్రవేశించారు. ఈ మూడూ ఖుర్ఆన్ నిషేధించినవే. హజ్రత్ ఉమర్ (రజి) తన పొరపాటును అంగీకరించి, ఇక ఆ పని చేయనని మాట తీసుకుని అతన్ని వదిలిపెట్టారు.

ఈ పునాది మీదనే గజాలీ హిస్బా నియమాలను నిర్మించారు. పరుల ఇంటి దగ్గర చెవి ఒగ్గడం, మద్యం వాసన కోసం ముక్కు పెట్టడం, బట్టచాటున ఏముందో తడిమి చూడడం తగదన్నారు. అంతటితో ఆగక, ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పమని ఇరుగుపొరుగువారిని అడగడం కూడా తగదని స్పష్టం చేశారు. అయితే, అడగకుండానే ఇద్దరు విశ్వసనీయులు తమంతట తాము వచ్చి చెబితే విషయం వేరన్నారు. గోడలు దాటి వీధికి వినిపించే వాద్యధ్వని కూడా రహస్యం కాదన్నారు. అంటే తేడా అడగడంలో ఉంది. పొరుగువాణ్ణి అడగడమే తగనప్పుడు, డబ్బు చూపి అడగడం ఎలా తగుతుంది?

జీతం ఎవరికి?

ఈ ప్రశ్నకు ఇమామ్ మావర్దీ (హి.శ. 450, క్రీ.శ. 1058) ‘అల్ అహ్కామ్ అస్సుల్తానియా’లో సమాధానం ఉంది. నియమితుడైన ముహ్తసిబ్‌కూ, స్వచ్ఛందంగా చెడును వారించేవానికీ (ముతతవ్విఅ్) మధ్య తొమ్మిది భేదాలు చెబుతూ, ముహ్తసిబ్ బైతుల్‌మాల్ నుండి జీతం తీసుకోవచ్చునని, స్వచ్ఛంద వ్యక్తి మాత్రం చెడును వారించినందుకు ప్రతిఫలం పుచ్చుకోరాదని పేర్కొన్నారు.

ఈ భేదంలోని వివేకం గమనించాలి. ముహ్తసిబ్ ఎవరో ఊరందరికీ తెలుసు. అతడు తప్పు చేస్తే నిలదీయవచ్చు, తొలగించవచ్చు. తప్పులు ఎక్కువ దొరికితే అతని జీతం పెరగదు. తలకింత చొప్పున పుచ్చుకునే పొరుగువాని సంగతి అలా కాదు. ఎదుటివాడు తప్పు మానుకుంటే అతని రాబడి పడిపోతుంది. సంస్కరణ కోరవలసినవాడే తప్పు కొనసాగాలని కోరుకునే స్థితి వస్తుంది.

రెండు చారిత్రక అనుభవాలు

ఢిల్లీ సుల్తాను అలాఉద్దీన్ ఖల్జీ (1296-1316) వేగుల వ్యవస్థ గురించి చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ వివరంగా రాశాడు. ఇళ్ళలో మాట్లాడుకున్న మాటలు తెల్లవారేసరికి సుల్తానుకు చేరేవి. హజార్ సుతూన్ మహల్‌లోనే అమీరులు గట్టిగా మాట్లాడడానికి భయపడి సైగలతో సరిపెట్టుకునేవారు. మద్యనిషేధం విధించినప్పుడు, పట్టుబడినవారిని గోతుల్లో బంధించినా రహస్య వ్యాపారం ఆగలేదు. చివరికి ఎవరైనా తన ఇంట్లో తానే తయారుచేసుకుని, అమ్మక, సభలు చేయక తాగితే వేగులు జోక్యం చేసుకోరాదని సుల్తాను సడలింపు ఇవ్వవలసి వచ్చింది. అంతటి కఠిన పాలకుడూ ఇంటి గోడ దగ్గర ఆగిపోయాడు.

రెండవది ఇంగ్లండు అనుభవం. 1736లో అక్కడి పార్లమెంటు ‘జిన్’ అనే చౌక సారాను అరికట్టడానికి చట్టం చేసింది. లైసెన్సు రుసుము ఏడాదికి 50 పౌండ్లు. లైసెన్సు లేకుండా అమ్మేవారిని పట్టించినవారికి 5 పౌండ్ల బహుమానం. పేదవారికి అది చిన్న మొత్తం కాదు. పట్టించడమే వృత్తిగా చేసుకున్నవారు పుట్టుకొచ్చారు. వీధుల్లో బుట్టలో సీసాలు పెట్టుకు అమ్ముకునే పేద స్త్రీలు ఎందరో వారికి చిక్కారు. బెదిరించి డబ్బు గుంజడం, అబద్ధపు సాక్ష్యాలు పెరిగాయి. ప్రజలు గుంపులుగా ఈ పట్టించేవారి మీద పడి కొట్టారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1738లో వారిపై దాడిని మహానేరంగా ప్రకటిస్తూ మరో చట్టం తేవలసి వచ్చింది. తాగుడు మాత్రం తగ్గలేదు. 1743లో ఆ విధానాన్ని రద్దు చేశారు. జుర్మానాలో వాటా కోసం ఎవరైనా ఎవరిమీదనైనా దావా వేసే పద్ధతి ఇంగ్లండులో పూర్తిగా రద్దయింది 1951లోనే.

నేటి ప్రశ్న

ఈ ఆలోచన పాతబడలేదు. తప్పుగా నిలిపిన వాహనం ఫోటో పంపినవారికి 500 రూపాయలు ఇచ్చే చట్టం తేవాలనుకుంటున్నట్లు 2022లో మన కేంద్ర రవాణా మంత్రి అన్నారు. నడివీధిలో నిలిపిన బండి రహస్యం కాదు గనుక దాని విషయంలో తజస్సుస్ ప్రశ్న రాదు. కాని మావర్దీ లేవనెత్తిన ప్రతిఫలం ప్రశ్న మిగిలే ఉంటుంది.

మరి పొరుగువాని వల్ల బాధపడేవాడు నోరు మూసుకుని ఉండాలా? అక్కరలేదు. అన్యాయానికి గురైనవాడు అధికారికి ఫిర్యాదు చేయడాన్ని, చెడును తొలగించడానికి సాయం కోరడాన్ని ఇమామ్ నవవీ (హి.శ. 676) గీబత్ నిషేధం నుండి మినహాయించారు. ఇదే సునన్ అబూ దావూద్‌లో మరో సంఘటన ఉంది. ఒకతను తన పొరుగువాడు బాధిస్తున్నాడని దైవప్రవక్త (సల్లం)తో మొరపెట్టుకున్నాడు. మొదట సహనం వహించమన్నారు. రెండు మూడుసార్లు వచ్చిన తర్వాత, ఇంటి సామాను తీసుకువెళ్ళి దారిలో పెట్టుకోమన్నారు. వచ్చేపోయేవారు కారణమడిగి, విని, ఆ పొరుగువాణ్ణి నిందించసాగారు. అతడు పరుగున వచ్చి, ఇకమీదట బాధించనని చెప్పి లోనికి తీసుకువెళ్ళాడు. ఫిర్యాదు చేసినవాడు బాధితుడే. అతని ముఖం అందరికీ తెలుసు. చేతిలో ఎవరూ పైసా పెట్టలేదు.

బస్తీ పెద్దలకు నేను చెప్పింది ఇదే. కాలువ దగ్గర చూసుకోవడానికి ఒక మనిషిని అందరికీ తెలిసేలా నియమించి నెలజీతం ఇవ్వండి. అతడే మన ముహ్తసిబ్. మైకు మోత భరించలేనివారు నలుగురితో కలిసి వెళ్ళి ముఖాముఖి చెప్పాలి. వినకపోతే తమ పేరుతోనే ఫిర్యాదు చేయాలి. గోడల వెనుక జరిగేదాని జోలికి పోవద్దు, దానికి వెల కట్టవద్దు. ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. ముఖాముఖి చెప్పే ధైర్యం ఎవరికుందని అడిగారు. వారి ప్రశ్న న్యాయమైనదే. ఆ ధైర్యాన్ని పెంచుకోవలసింది మనమే. డబ్బిచ్చి దాన్ని కొనలేము.

పొరుగువాని హక్కును ఈమాన్‌లో భాగంగా నేర్పిన ధర్మం మనది. మన నాలుకలను, చెవులను అదుపులో పెట్టుకునే శక్తిని, కనిపించే చెడును మర్యాదగా వారించే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.