కాయల్ రేవులో దిగిన గుర్రాలు

13వ శతాబ్దం చివర పాండ్య సైన్యానికి మేలుజాతి గుర్రాలు సముద్రం మీద వచ్చేవి. హొర్ముజ్, కీష్, ఏడెన్ రేవుల్లో బయలుదేరిన ఓడలు తామ్రపర్ణి సముద్రంలో కలిసే చోట కాయల్‌లో లంగరు వేసేవి. ఇప్పుడు పళయకాయల్ అనే చిన్న ఊరుగా మిగిలిన ఆ రేవు, కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లాలోదే. కీష్ దీవి వర్తకుడు జమాలుద్దీన్ ఏటా 1,400 గుర్రాలు పంపేలా ఒప్పందం కుదిరిందని పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ రాశాడు. ఒక్కోదాని ధర 220 దీనార్లు. దారిలో చచ్చిన గుర్రానికి కూడా ఖజానా సొమ్ము చెల్లించాల్సిందే.

అంత ఖరీదు పెట్టి కొన్న గుర్రాలు నిలవలేదు. ఒక్కో రాజు ఏటా రెండు వేలకు పైగా కొన్నా, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవని మార్కో పోలో రాశాడు. మాంసంతో ఉడికించిన అన్నం వాటికి మేత. మేలుజాతి జంటకు కూడా వంకర కాళ్ల పిల్లే పుట్టేదట. గుర్రాల వైద్యం తెలిసినవాళ్లను వర్తకులు ఈ తీరానికి రానిచ్చేవారు కాదని కూడా ఆయన చెప్పాడు. చచ్చేకొద్దీ కొత్తవి అమ్ముడుపోతాయి మరి. నేరం ఎండది మాత్రమే కాదు, ఆ మేతది, ఆ వ్యాపారానిది కూడా.

విజయనగర కాలంలోనూ ఈ కొనుగోళ్లు ఆగలేదు. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుర్రం తోక చూపించినా డబ్బిచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. తర్వాత మదురై నాయకుల ఏలుబడిలో ఈ ప్రాంతం పాళయాలుగా చీలింది. ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి పాళెగాళ్లు తెలుగు మూలాలవాళ్లు. మదురై మీనాక్షి ఆలయం వేయికాళ్ల మండపం ముందు ఆ నాయకుల దళవాయి అరియనాథ ముదలియార్ శిల్పం నేటికీ గుర్రం మీదే కనిపిస్తుంది.

ఇన్ని గుర్రాలు దిగిన ఈ సీమలో అడవి మంద ఎందుకు తయారు కాలేదన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. అమెరికాలో అలా జరిగింది. 1519లో స్పానిష్ సేనాని కోర్తెస్ మెక్సికో తీరంలో దించినవి 16 గుర్రాలు. ఆ తర్వాత స్పానిష్ స్థావరాల నుంచి తప్పించుకున్న గుర్రాల సంతతే మస్టాంగులు. నెవాడా ఎత్తయిన ఎడారిలో ఏప్రిల్ పొద్దున మంచు కురిసి, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. గాలివాన లేస్తే మంద గాలికి వెన్ను తిప్పి నిలబడుతుంది. ఆడ గుర్రాలు, పిల్లలు మధ్యలో ఉంటే పోతు గుర్రం అంచున కాపు కాస్తుంది. 11 నెలలు మోసి అవి ఈనేదీ, మంచు కరిగి పచ్చిక లేచేదీ ఒకే కాలంలో. 1971లో అమెరికా చట్టం వాటికి రక్షణ ఇచ్చింది.

కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడిలో రుతువుల వరస వేరు. వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంతో వస్తుంది. వసంతం వచ్చేసరికి పచ్చిక ఎండి, నేల నెర్రెలు విచ్చుతుంది. పిల్ల గుర్రాలు పుట్టే వేళకు మేత ఉండదు. దానికి తోడు నేల ఖాళీగా లేదు. వలస వచ్చిన తెలుగు కుటుంబాలు అడవి కొట్టి పొలం చేసుకున్న కథను ఇడైసేవల్ రచయిత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో చెప్పాడు. అలా దున్నిన రేగడిలో పత్తి, జొన్న, సజ్జ పండాయి. చొప్ప ఎద్దులకు పోయింది, బీళ్లు మేకలకు, గొర్రెలకు మిగిలాయి. ఇక తప్పించుకున్న గుర్రానికి చోటెక్కడిది? పైగా అంత ఖరీదైన జంతువును లాయం దాటి పోనిచ్చేవాళ్లూ ఉండరు.

తమిళ తీరంలో ఇలాంటి గుర్రాలు అసలు లేవని కాదు. ఉత్తరాన వేదారణ్యం దగ్గర కోడియక్కరై అభయారణ్యంలో యజమాని లేని పొట్టి గుర్రాలు గుంపులుగా తిరుగుతాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకలు మేసే బీళ్లలోనే అవీ మేస్తాయి. మేత తక్కువైన ఏడు రెంటికీ పోటీ తప్పదు. అక్కడికి వెళ్లేవాళ్లు జింకలతో పాటు ఈ గుర్రాలను కూడా కాసేపు ఆగి, దూరం నుంచే చూడాలి.