తల్లి వైపు గుర్తుంది, కోడె వైపు మరిచిపోయాం

మా నాయినమ్మ దాన్ని ‘దేవుని ఆవు’ అనేది. గుడికి విడిచిన ఆవేదో మా కొట్టంలో కట్టేసుకున్నామని చిన్నప్పుడు నేను నమ్మాను. పశువుల దవాఖానలో కొలువుకు చేరాక తెలిసింది, ఆ పేరులో దేవుడు లేడు, ఊరున్నదని. ఆ ఊరు దేవణి, ఉద్గీర్ పక్కన ఉంటుంది. మా కోహీర్ నుంచి ఇప్పుడు అక్కడికి పోవాలంటే కర్ణాటకలో అడుగుపెట్టి, దాన్ని దాటి మహారాష్ట్రలోకి పోవాలి. 1956 నవంబరు 1కి ముందు ఈ హద్దులు లేవు. ఉద్గీర్, నిలంగా, భాల్కీ, హుమ్నాబాద్, నారాయణఖేడ్, జహీరాబాద్ అన్నీ హైదరాబాద్ రాష్ట్రంలోని ఒకే బీదర్ జిల్లా కింద ఉండేవి. భాషలను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు మరాఠీ తాలూకాలు అటు, కన్నడ తాలూకాలు ఇటు పోయి, తెలుగు మాట్లాడే మేము మెదక్ జిల్లాలో చేరాం. 2016లో సంగారెడ్డి జిల్లా అయ్యాం. ఆవులకు ఈ పంపకాల సంగతి తెలియదు. ఒక జిల్లాలో పుట్టి పెరిగిన జాతి మూడు రాష్ట్రాల పాలైంది. దాని కథ చెప్పాలంటే పాత బీదర్ జిల్లా పటాన్నే ముందు పెట్టుకోవాలి.

దేవణిని ఒకసారి చూస్తే మరిచిపోరు. ఉబ్బెత్తు నుదురు, వేలాడే చెవులు, బరువుగా ఊగే గంగడోలు. నుదురూ చెవులూ గుజరాత్ గిర్ ఆవును గుర్తుకు తెస్తాయి. గిర్, డాంగి, ఇక్కడి నాటు పశువులు కలిసి ఈ జాతి ఏర్పడిందని పశుశాస్త్రం తెలిసినవాళ్లు చెబుతారు. రంగును బట్టి పేర్లున్నాయి. ఒళ్లంతా తెల్లగా ఉండి మొహం పక్కలు నల్లగా ఉంటే వన్నెర. తెలుపు మీద నల్లమచ్చలు ఎక్కడపడితే అక్కడ ఉంటే శెవెర. తెల్లటి ఒంటికి కింది భాగంలో మాత్రమే మచ్చలుంటే బాలంక్య. మా ఇంట్లో ఉన్నది శెవెర. దాని ఎడమ దౌడ మీది మచ్చ అచ్చం కొడవలిలా ఉండేది. ఆ మచ్చను చూసే మేము పొద్దుగూకినప్పుడు మందలో దాన్ని పోల్చుకునేవాళ్లం.

కోహీర్ అంటే చాలామందికి జామకాయ గుర్తొస్తుంది. అది ఇక్కడి ఎర్ర నేల పంట. కాని జహీరాబాద్ దాటి న్యాల్‌కల్ వైపు పోయేకొద్దీ నేల నల్లబడుతుంది. బీదర్, ఉద్గీర్ దాకా చాలా మటుకు అదే రేగడి. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే నెర్రెలు పడుతుంది. ఆ నేలలో నాగలి లాగాలంటే ఎత్తూ బరువూ ఉన్న ఎద్దు కావాలి. ట్రాక్టరు రాకముందు ఇక్కడి రైతుకు ఆవు అంటే మొట్టమొదట ఎద్దును కనే తల్లి. పాల లెక్క ఆ తర్వాతే. నాందేడ్ జిల్లా మాళేగావ్‌లో ఖండోబా జాతరకు పశువులు తోలుకుపోయినా, సదాశివపేట సంతకు తోలుకుపోయినా బేరమాడేవాడు మొదట కోడె నడక చూసేవాడు, తర్వాత గిట్ట, తర్వాత మూపురం.

అయినా దేవణి ఉత్త దుక్కి జాతి కాదు. ఒక ఈతలో సగటున 870 కిలోల దరిదాపు పాలిస్తుంది. అమెరికాలో హోల్‌స్టీన్ ఆవు ఏడాదికి 10 వేల కిలోలు దాటుతుంది కదా అనొచ్చు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి దేవణిని తక్కువ చేసేవాళ్లను నా ఉద్యోగంలో ఎందరినో చూశాను. ఆ పోలిక సరికాదని అప్పుడూ అనిపించేది. జొన్న చొప్ప, కంది పొట్టు, బీట్లో దొరికినంత గడ్డి, మధ్యాహ్నపు కుడితి తిని, ఏప్రిల్ ఎండలో నిలబడి, పాలూ ఇచ్చి, ఎద్దునూ ఇచ్చే ఆవు అది. ఒక్క పాల కోసమే దాణా పోసి పెంచే ఆవుతో దాన్ని ఎట్లా తూకం వేస్తాం?

అయితే ఒక దేవణి పూటకు లీటరు ఇచ్చి ఊరుకుంటే, పక్కింటి దేవణి మూడు లీటర్లు ఎందుకిస్తుంది? నేను ముప్పై ఏళ్లు తిరిగిన ఊళ్లలో ఈ తేడాను ప్రతి ఆడమనిషీ ఎరుగును. కోహీర్ మండలంలోనే ఒక తండాలో ఒక ముసలమ్మ ఉండేది. ఆమె ఆవును చూపించి, ‘దీని తల్లి పెద్ద పొదుగుది బిడ్డా, దాని తల్లి కరువుల గూడ పాలిడువలే, దాని తల్లిని నా పెండ్లికి మా తల్లిగారిచ్చిండ్రు’ అని నాలుగు తరాలు ఆపకుండా చెప్పింది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. నేను, ‘మరి దీని తండ్రి ఎవరమ్మా?’ అన్నాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, ‘ఏ కోడెనో, మందల దాటింది’ అన్నది.

ఆ ఒక్క మాట చుట్టూనే నా ఆలోచన ఇన్నేళ్లూ తిరిగింది. మా ఊళ్లు తల్లి వైపు చరిత్రను ప్రాణంగా దాచుకున్నాయి, తండ్రి వైపు చరిత్రను గాలికి వదిలేశాయి. పాలు బాగా ఇచ్చే ఆవు పెయ్యను అమ్మేవాళ్లు కాదు. అక్కడ పాల కోసం ఎంపిక జరిగింది. కోడెల దగ్గర లెక్క వేరు. బలం, నడక, రంగు చూసేవాళ్లు. మంచి కోడెకు మంచి ధర పలికి సంతకు పోయేది, లేకపోతే రెండు పండ్లు వేశాక విత్తులు నలగ్గొట్టి ఎద్దును చేసేవాళ్లు. ఆ లోపల మందలో అది ఎన్ని ఆవులను దాటిందో, వాటికి పుట్టిన పెయ్యలు ఎంత పాలిచ్చాయో ఎవరూ చూడలేదు. తరతరాలుగా మావాళ్లు ఆడవాటిలో పాలను, మగవాటిలో బలాన్ని ఎంచుకుంటూ వచ్చారు. దేవణి రెండు పనుల జాతి కావడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం. పాలు ఒక మెట్టు దగ్గర ఆగిపోవడానికీ ఇదే కారణం.

ఎందుకంటే పెయ్యకు జన్యువులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. కోడెకు పొదుగు లేదు, పాలు లేవు. కాని దాని కూతుళ్ల పాల జన్యువుల్లో సగం వాటా దానిది. కోడె ఎంత పాల కోడెనో తెలియాలంటే దాని ఒళ్లు చూసి లాభం లేదు, కూతుళ్లు ఈనేదాకా ఆగి, వాటి పాలు తూచి, రాసిపెట్టాలి. డెన్మార్క్‌లో వేయెన్ అనే చోట 1895లోనే రైతులు సంఘం పెట్టుకుని ఆవు ఆవుకూ పాలు తూచి రాయించడం మొదలుపెట్టారు. యూరప్ ఆవుల పాలు పెరగడం వెనక మేత ఎంత ఉందో, ఆ పుస్తకాలూ అంతే ఉన్నాయి. మచ్చల రంగును కొద్ది జన్యువులు తేలుస్తాయి, పుట్టిన రోజునే కంటికి కనిపిస్తుంది. అందుకే మావాళ్లు వన్నెరను వన్నెరగా నిలుపుకోగలిగారు. పాలను తేల్చేవి వందల వేల జన్యువులు. ఒక్కొక్కదాని ప్రభావం చిటికెడు. పైగా మందలో ఆవుకూ ఆవుకూ పాలలో కనిపించే తేడాలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకానే పుట్టుకతో వచ్చింది. మిగతాది మేత, ఎన్నో ఈత, ఎండ, రోగం, పిండే చెయ్యి. ఇంత కలగాపులగంలోంచి జన్యువు వాటాను విడదీయడానికి కొలత తప్ప వేరే దారి లేదు.

నేను చేసిన పని సూదులు వేయడం. కృత్రిమంగా చూలు కట్టించే పనిని ఊళ్లో అట్లాగే అంటారు. మన దేశంలో ఈ పద్ధతి 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీలో సంపత్ కుమారన్ చేతుల మీదుగా మొదలైంది. నా చేతికి వచ్చేసరికి కోడె వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని డబ్బాలో స్ట్రాలుగా ఉండేది. మోపెడ్‌కు డబ్బా కట్టుకుని తిరిగేవాణ్ణి. ఎదకొచ్చిన ఆవును పట్టుకుని రైతు ఎదురుచూస్తూ ఉండేవాడు. ‘డాక్టర్ సాబ్, జెర్సీదే ఎయ్యి. దేవణిది ఏసి ఏం జేసుకోవాలె?’ 1970లో మొదలైన పాలవెల్లువ నడుస్తున్న రోజులవి, పాలకేంద్రంలో లీటర్ల లెక్కన పైసలు. అతని మాటలో తప్పు లేదు. జెర్సీ సూదికి పుట్టిన మొదటి పెయ్య నిజంగానే తల్లికి రెట్టింపు, అంతకు మించి ఇచ్చింది. ఆ పాలతో పిల్లలను చదివించిన ఇళ్లు నాకు తెలుసు.

చిక్కు ఆ తర్వాతి తరంలో వచ్చింది. మొదటి సంకరంలో ప్రతి జన్యు జతలో ఒకటి జెర్సీది, ఒకటి నాటుది. ఆ కలయికలోంచే అదనపు శక్తి వస్తుంది. సంకర ఆవును సంకర కోడెతోనే కలిపితే జతలు విడిపోయి ఆ అదనం సగానికి పడుతుంది. జెర్సీతోనే మళ్లీ మళ్లీ కలుపుకుంటూ పోతే నాటు రక్తం తగ్గి, మే నెలలో ఆవు నోరు తెరిచి రొప్పుతుంది, చూలు నిలవదు. మూడోసారి, నాలుగోసారి సూదికి పిలిచిన రైతుల కళ్లలోకి చూడటం నాకు కష్టంగా ఉండేది. నేను పనిచేసిన చోట రిజిస్టరులో ఎన్ని సూదులు వేశామో రాయడానికి గడి ఉంది, ఎన్ని చూళ్లు నిలిచాయో రాయడానికి ఉంది, ఎన్ని దూడలు పుట్టాయో రాయడానికీ ఉంది. ఆ పెయ్య పెరిగి ఎంత పాలిచ్చిందో రాయడానికి గడి లేదు. ముసలమ్మ తండ్రిని మరిచిపోయింది. మా రిజిస్టరుకు తండ్రి పేరు తెలుసు, కూతురి పాలే తెలియవు. ఆ రెండూ ఒకే కాగితం మీదికి రాకుండానే ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

దేవణి పాలు తక్కువే గాని చిక్కన. వెన్న నాలుగు శాతం దాటుతుంది. మా అమ్మ తోడుపెట్టిన పెరుగును చిలికితే వచ్చే వెన్న ముద్ద జెర్సీ పాలలో రాలేదని ఆమె చివరిదాకా అనేది. ఆవు జాతిలో ఏముందో ఆమెకు చెప్పగలిగే జ్ఞానం నాకు ఆలస్యంగా దొరికింది. 2002లో బెల్జియంలోని లియేజ్ శాస్త్రవేత్తలు పద్నాలుగో క్రోమోజోము మీద డీజీఏటీ1 అనే జన్యువును పట్టుకున్నారు. కొవ్వు తయారయ్యే చివరి మెట్టును నడిపే ఎంజైముకు అది మూలం. ఆ ఎంజైములో 232వ చోట లైసిన్ ఉంటే వెన్న ఎక్కువ, పాలు తక్కువ. అక్కడ అలనిన్ ఉంటే పాలు ఎక్కువ, వెన్న తక్కువ. హోల్‌స్టీన్‌లలో రెండు రకాలూ ఉన్నాయి. మన నాటు ఆవుల్లో, బర్రెల్లో దాదాపు అన్నీ లైసిన్ రకమే. వందల వేల చిన్న జన్యువుల మధ్య ఒంటరిగా ఇంత గట్టిగా పనిచేసేవి అరుదు. నాటు ఆవు పాల చిక్కదనంలో ఒక పాలు, ఆ ఒక్క జన్యువులో ఆ ఒక్క చోటిది.

దేవణి గురించి ప్రభుత్వాలు పట్టించుకోలేదనను. పాత హైదరాబాద్ ప్రభుత్వమే హిమాయత్ సాగర్ దగ్గర దేవణి మందను పెంచింది. కాని ఫారంలోని మంద చిన్నది. జాతి బతికేది ఊరి కొట్టాల్లో. ఆ కొట్టాలు ఇప్పుడు ఖాళీ అవుతున్నాయి. దుక్కికి ట్రాక్టరు వచ్చాక కోడెకు ధర పోయింది. కోడెకు ధర పోయాక, ఎద్దును కనే తల్లిగా దేవణికి ఉన్న మొదటి విలువే పోయింది. ఇక అది పాల మీదే నిలబడాలి. అంటే తరాలుగా మనం చూడని ఆ తండ్రి వైపును ఇప్పుడైనా చూడాలి.

ఆ దారి మునుపటికంటే దగ్గరైంది. హైదరాబాద్ గచ్చిబౌలిలోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2022 ఆగస్టులో ‘ఇండిగౌ’ అనే చిప్‌ను తెచ్చింది. మన నాటు జాతుల కోసమే చేసిన ఆ చిప్‌లో 11,496 జన్యు గుర్తులున్నాయి. ఇట్లాంటి చిప్ ఉంటే దూడగా ఉన్నప్పుడే కోడె దగ్గర చుక్క రక్తం తీసి, కూతుళ్లు ఈనకముందే దాని పాల విలువను అంచనా కట్టే వీలుంటుంది. కాని చిప్ గుర్తులను మాత్రమే చదువుతుంది. ఏ గుర్తు వెంట ఎన్ని పాలు వస్తాయో దానికి నేర్పాలంటే వేల ఆవుల పాల తూకాలు కావాలి. అవి గచ్చిబౌలిలో దొరకవు. ఇక్కడ, కోహీర్‌లో, న్యాల్‌కల్‌లో, భాల్కీలో, ఉద్గీర్‌లో తెల్లారుజామున చెంబు పట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర దొరుకుతాయి.

రిటైరయ్యాక నేను ఒక స్ప్రింగు త్రాసు కొన్నాను. మా వాడకట్టులో మూడిళ్లలో దేవణి ఆవులున్నాయి. వారానికోసారి రెండు పూటలా పోయి పాలు తూచి, అట్టపుస్తకంలో రాస్తున్నాను: ఆవు, దాని తల్లి, ఎన్నో ఈత, ఏం తిన్నది. తండ్రి పేరుకు ఒక గడి గీశాను. రెండు ఆవులకు అది ఖాళీగా ఉంది. మూడోదానికి సూది నంబరు దొరికింది, నేను వేసిందే. ఇది దాని రెండో ఈత. ఇవాళ పొద్దున 3 కిలోల 200 గ్రాములు.