కెట్టన్ చిత్రకుట్టిమము – ట్రాయి కథకు మూలమేది?

ప్రాచీన గృహశిథిలములు రాజ్యచరిత్రకు మాత్రమే సాక్ష్యములని తలచుట పరిపాటి. ఒక్కొక్కయెడ అవి కావ్యచరిత్రకును సాక్ష్యము లగుచుండును. ఇంగ్లండునందలి రట్లండు మండలములో, కెట్టన్ గ్రామసమీపమున బయల్పడిన రోమను కాలపు పల్లెసౌధ మట్టిది.

2020లో ఒక పొలమున దీని జాడ తొలుత కనబడెను. ఆ యేటను మరుసటి యేటను లెస్టరు విశ్వవిద్యాలయ పురాతత్త్వజ్ఞులు త్రవ్వకములు సాగించిరి. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులకు చెందిన ఈ సౌధము ఒంటరి కట్టడము కాదు. దాని చుట్టును కొట్టములు, వర్తులాకారపు కట్టడములు, స్నానశాల యని ఊహింపదగిన నిర్మాణము, వీని నావరించిన సరిహద్దు కందకములు కలవు.

భోజనశాలగా తోచు గదిలో సుమారు 11 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల చిత్రకుట్టిమ మున్నది. రంగురాళ్ల ముక్కలు పొదిగిన ఈ నేలపై మూడు ఘట్టములు కలవు: అకిలీసు, హెక్టరుల ద్వంద్వయుద్ధము, హెక్టరు కళేబరమును రథమునకు గట్టి ఈడ్చుట, తండ్రియగు ప్రయాము బంగారమిచ్చి కుమారుని దేహమును విడిపించుకొనుట. బ్రిటనులో ఈ ఘట్టములు గల కుట్టిమము ఇదియే మొదటిది.

హోమరు ఇలియడ్ కావ్యమే దీనికి మూలమని తొలుత తలచిరి. ఆ అభిప్రాయము నిలుచునా? ఇలియడ్‌లో ఆ యుద్ధము పాదచారులై చేసినది. ఇచట వీరులిద్దరును రథారూఢులు. ఎత్తు బంగారమిచ్చినను శవము నొసగనని అకిలీసు పలికిన మాట ఇలియడ్ 22వ సర్గలో ఉన్నది. అది తిరస్కారవాక్యమే కాని జరిగిన పని కాదు. ఇచటనో త్రాసు ప్రత్యక్షముగా ఉన్నది. ఒక తట్టలో దేహము, రెండవదానిలో బంగారము. ఈ తూనికను రంగస్థలమున చూపినవాడు ఎస్కిలసు. 'ఫ్రిజియనులు' అను ఆ నాటకము నేడు లుప్తము. 2025లో లెస్టరు పరిశోధకులు ఈ మూలమునే ప్రతిపాదించిరి.

అయినను గృహయజమాని ఆ నాటకమును చదివెనని ఇంతమాత్రమున నిర్ణయింపరాదు. గ్రంథములవలననే గాక పాత్రలు, నాణెములు, వెండి సామగ్రిమీది చిత్రములవలనను కథలు శిల్పుల చేతులు మారుచు దూరదేశములకు చేరును. ప్రసిద్ధపాఠమే ఏకైకపాఠమని తలచినచో తక్కిన శాఖలు కనుమరుగగునని ఇతిహాస పాఠభేదములను పరిశీలించు మనమెరుగుదుము.

సౌధము పాడైన పిదప కుట్టిమముపై నిప్పు రగిలిన గుర్తులు మిగిలినవి. శిథిలముల నడుమ మృతులను పూడ్చిరి. 2021 నవంబరులో ప్రభుత్వము ఈ స్థలమును రక్షిత స్మారకముగా ప్రకటించెను. కుట్టిమమును మరల మట్టితో కప్పిరి; పొలమును దున్నక పచ్చికబయలుగా మార్చుటకు పూనిరి. చూడరాని వస్తువును రక్షించుట వింతగా తోచవచ్చును. కాని లుప్తనాటకపు ఛాయను ఇన్ని శతాబ్దులు నిలిపినది ఆ మట్టియే. కావున మూలనిర్ణయమునకు పూనుకొనువారు తాళపత్రముతోపాటు నేలను గూడ చదువవలెనని మేము భావించుచున్నాము.