కీళ్లవాతము: శోథసంకేతాణు నిరోధ చికిత్స

కీళ్లయందు శోథమును రేకెత్తించి వ్యాపింపజేయు సైటోకైనులనెడు సంకేతాణువులను బంధించియో, కణములపై అవి అంటుకొను గ్రాహకములను కప్పివేసియో నొప్పిని, అస్థిక్షయమును అరికట్టు వైద్యవిధానమునకు శోథసంకేతాణు నిరోధమని పేరు. రుమటాయిడ్ కీళ్లవాతమున దేహరక్షణ వ్యవస్థ తన కీళ్లపొరపైననే దాడి సలుపగా, అచట గుమిగూడిన కణములు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 మున్నగు సైటోకైనులను స్రవించును. ఇవి మరికొన్ని కణములను రప్పించుటయే గాక నొప్పిని గ్రహించు నాడీతంతువులను నేరుగా ఉద్దీపింపజేయును గనుక, నిరోధక ఔషధము పనిచేసినచో వాపు తీయకమున్నే బాధ ఉపశమింపవచ్చును.

లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అను శాస్త్రజ్ఞులు, టి.ఎన్.ఎఫ్. నొక్కదానిని అడ్డగించిన తక్కిన సంకేతములును తగ్గునని గ్రహించి, 1992లో తొలిసారిగా రోగులకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చిరి. పిదప ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్, ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకమును కప్పు టోసిలిజుమాబ్ వచ్చినవి. టి.ఎన్.ఎఫ్. నిరోధమువలన దేహమున నిద్రాణమైయున్న క్షయ మేల్కొనవచ్చును గాన, మన దేశమున ముందుగా క్షయపరీక్ష చేయక ఈ సూదిమందు వేయరాదు.

ఇన్ని నూతనౌషధములు వచ్చినను చికిత్సకు నేటికిని తొలిమెట్టు మెథోట్రెక్సేటే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో సాగిన ఫోలిక్ ఆమ్ల పరిశోధననుండి ఈ మందు ఉద్భవించినది. దీని దుష్ఫలితములను తగ్గించుటకు తోడుగా ఇచ్చు ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించినదియు ఆ బృందమే యగుట తెలుగువారు సగర్వముగా స్మరింపదగిన విషయము. కీళ్లవాతమునకు దీనిని వారమున కొక్కనాడే సేవింపవలెను. నిత్యము మ్రింగుట ప్రాణాంతకము.

ఆంధ్రప్రదేశ్‌లోని దొనకొండ, కనిగిరి, మార్కాపురము ప్రాంతములందు మాత్రము కీళ్లనొప్పి యన్నంతనే సంకేతాణు నిరోధ చికిత్సకు పూనుకొనుట తగదు. బోరునీటి ఫ్లోరైడు ఇచట చిరకాల శత్రువు. 1937లోనే షార్ట్ ప్రభృతి వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో అస్థిఫ్లోరోసిస్‌ను వర్ణించిరి. ఫ్లోరైడు మితిమీరిన నీటిని ఏండ్లతరబడి త్రాగినవారిలో కొందరి వెన్ను బిగుసుకొనిపోయి, టి.ఎన్.ఎఫ్. నిరోధకములకు లొంగు వెన్నువాతమువలెనే కనబడును. కాని ఆ బిగువు ఎముకలయందును స్నాయువులయందును పేరుకొన్న ఫ్లోరైడువలన కలిగినది. దానికి సంకేతాణు నిరోధకము మందు కాదు, వలసినది నీటిని మార్చుట. ముంజేతి రెండెముకల నడిమి పొర గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనబడుట, మూత్రమున ఫ్లోరైడు హెచ్చుగా నుండుట ఈ వ్యాధిని గుర్తించు ఆనవాళ్లు.